తిరుపతి చలికి తాబేలు నిద్రపోదు

(తిరుపతిలో పెరటి తోటల పెంపకందారుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగం, ప్రశ్నోత్తరాలతో.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోసే పని ఇంట్లోవాళ్లకు అప్పగించి ఇంతమంది వచ్చారు. సంతోషం.

నిర్వాహకులు మీ ప్రశ్నలను ముందే ఒక కాగితం మీద రాసి పంపారు. చదువుతుంటే కొన్నిచోట్ల నవ్వొచ్చింది, కొన్నిచోట్ల భయమేసింది. "కార్తీకం వచ్చింది కదా, తాబేలుకు మేత ఎప్పుడు ఆపేయాలి?" అని ఒకరు. "చలికాలంలో మూడు నెలలు నిద్రపోతుందట, మట్టి ఎంత లోతు పోయాలి?" అని మరొకరు. "కొలను పైన మంచు గడ్డకట్టకుండా బంతి వేసి ఉంచాలని ఫోనులో చూశాను, ఎంత బంతి వేయాలి?" అని ఇంకొకరు. అయ్యా, తిరుపతిలో కొలను నీళ్లు గడ్డకట్టిన రోజున మనం తాబేళ్ల గురించి కాదు, లోకం ఏమైపోతోందో మాట్లాడుకోవాలి.

నవ్వుకున్నాం, సరే. ఆ బంతి సలహా అబద్ధం కాదు. అది మన ఊరిది కాదు, అంతే. మంచు కురిసే దేశాల వాళ్లు తమ కొలనుల కోసం రాసుకున్న పద్ధతిని మనం ఉన్నది ఉన్నట్టు పాటిస్తే ఇక్కడి తాబేలు బతకదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ముందుగా, మీ దగ్గర ఉన్నది ఏ తాబేలో తేల్చుకుందాం. కంటి వెనుక ఎర్రటి చార ఉన్న ఆకుపచ్చ తాబేలు ఎంతమంది దగ్గర ఉంది? చేతులెత్తండి. దాదాపు అందరూ. దీన్ని రెడ్ ఇయర్డ్ స్లయిడర్ అంటారు. దీని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం. అక్వేరియం దుకాణంలో రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దదిగా ఉన్నప్పుడు కొంటారు. పెరిగాక అడుగు పొడవుకు దగ్గరగా వస్తుంది, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు, కొనేవాళ్లు అడగరు.

వీపు మీద నక్షత్రాల్లాంటి పసుపు గీతలున్న తాబేలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ చేయి ఎత్తవద్దు, ఇంటికెళ్లగానే అటవీశాఖకు ఫోన్ చేయండి. మన చిత్తూరు వైపు ముళ్లపొదల అడవుల్లో ఉండే నక్షత్ర తాబేలు అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. వాస్తుకు మంచిదని ఇంట్లో పెట్టుకున్నా, బిడ్డలు ముచ్చటపడ్డారని పెట్టుకున్నా నేరమే, మూడేళ్లకు తగ్గకుండా జైలు. పైగా అది నేల తాబేలు. కొలనులో వేస్తే మునిగి చస్తుంది. వానలకు చెరువు నిండి మీ పెరట్లోకి నడిచొచ్చే మెత్తటి అంచుల నీటి తాబేలుకూ ఇదే చట్టం వర్తిస్తుంది. దాన్ని ఉంచుకోకండి.

ఇక చలి సంగతి. అమెరికా ఉత్తర ప్రాంతాల్లో కొలను నీళ్లు 10 డిగ్రీలకు పడిపోయేసరికి తాబేలు తినడం మానేసి అడుగుకు చేరుతుంది. నీళ్లు అన్నిటికంటే బరువెక్కేది 4 డిగ్రీల దగ్గర. అందుకే పైన మంచు పలక కట్టినా అడుగున 4 డిగ్రీల నీళ్లు గడ్డకట్టకుండా నిలుస్తాయి. తాబేలు అక్కడ నెలల తరబడి ఊపిరి కోసం పైకి రాకుండా ఉంటుంది. చర్మం నుంచి, తోక కింది రంధ్రం లోపలి పొరల నుంచి నీటిలోని ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా తీసుకుంటుంది. అక్కడి పెయింటెడ్ టర్టిల్ అనే జాతి ఆక్సిజన్ అసలే లేకున్నా మూడు నెలలకు పైగా బతకగలదు. ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని విరిచేయడానికి తన డొప్పలోని కాల్షియాన్నే కరిగించి వాడుకుంటుంది. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించే విషయం ఇది.

ఇదంతా ఎలా సాధ్యమవుతోంది? చల్లదనం వల్ల. ఒంటి వేడి పది డిగ్రీలు తగ్గితే శరీరం చేసే ఖర్చు సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. 4 డిగ్రీల నీటిలో తాబేలు ఒంటి ఖర్చు లేనట్టే లెక్క. అందుకే మేత లేకుండా నెట్టుకొస్తుంది.

మన దగ్గర? డిసెంబరు, జనవరి నెలల్లో తిరుపతిలో తెల్లవారుజామున సాధారణంగా 18, 20 డిగ్రీలు ఉంటుంది. మధ్యాహ్నానికి 28, 30 అవుతుంది. రెండు మూడు అడుగుల లోతున్న కొలనులో నీళ్లు పొద్దున 21 నుంచి 23 మధ్య ఉంటాయి. ఆ వేడిలో తాబేలు ఒళ్లు నిద్రపోదు, ఖర్చు చేస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు మనం పుస్తకం చూసి మేత ఆపేస్తే అది నిద్రపోవడం కాదు, పస్తులుండటం. సంక్రాంతి నాటికి కాళ్ల దగ్గర చర్మం వదులై, కళ్లు గుంటలు పడి నా బల్ల మీదికి వస్తుంది. తెచ్చినవాళ్లు "బాగా నిద్రపోయింది డాక్టర్ గారూ" అంటారు.

ఇంకో విషయం గమనించారా? మన చెరువుల్లోని నీటి తాబేలు కూడా నిద్రపోతుంది. కానీ ఎప్పుడు? చెరువు ఎండిపోయినప్పుడు. ఎండాకాలంలో బురద లోపలికి దిగి వానల కోసం పడి ఉంటుంది. ఈ నేల మీద పుట్టిన జీవికి తప్పించుకోవలసింది ఎండ, చలి కాదు. పరాయి జీవిని ఇక్కడికి తెచ్చుకున్నా వాతావరణం మాత్రం ఇక్కడిదే కదా.

అలాగని మన చలికాలం తాబేలుకు సుఖమని నేను అనడం లేదు. అసలు ఇబ్బంది దీనితోనే. పూర్తిగా నిద్రపుచ్చేంత చలి లేదు, తిన్నది చక్కగా అరిగించుకునేంత వేడీ లేదు. తాబేలుకు ఒంటి వేడి బయటి నుంచే రావాలి. ఎర్రచార తాబేలు తిన్నది హాయిగా అరిగించుకోవాలంటే నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉండి, పైన ఎండ కాచుకునే రాయి 30 డిగ్రీలైనా ఉండాలి. పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దు అన్నారు పెద్దవాళ్లు. ఆ పొట్టి పొద్దులో సగం మబ్బు పట్టి, మిగతా సగం పక్కింటి మూడో అంతస్తు నీడ పడితే తాబేలుకు కాగే సమయమే ఉండదు. పొద్దున ఆరు గంటలకు వాకింగ్‌కు వెళ్తూ మీరు గుప్పెడు మేత చల్లి వెళ్తారు. అది ఆశకొద్దీ తింటుంది. చల్లటి కడుపులో ఆ మేత కదలదు, పులుస్తుంది.

కాబట్టి ముందుగా చేయవలసిన ఖర్చు, అక్వేరియం దుకాణంలో దొరికే చిన్న థర్మామీటర్ ఒకటి. దాన్ని నీటి పైన తేలనివ్వకండి. దారం కట్టి, చిన్న రాయి తగిలించి, తాబేలు రాత్రి పడుకునే లోతుకు దించండి. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి గోడ మీదున్న క్యాలెండర్ గడిలో రాయండి. తిథి పక్కనే రాయండి, పరవాలేదు. పొద్దున 24 దాటి ఉంటే మామూలు మేత. 20 నుంచి 24 మధ్య ఉంటే మేత సగానికి తగ్గించి, ఎండెక్కాక పదకొండు గంటల వేళ వేయండి. రెండు మూడు రోజులు వరుసగా 18 దిగువకు పోయి, మబ్బు కూడా ఉంటే ఆ రోజులకు మాత్రం ఆపండి. ఎండ రాగానే మళ్లీ మొదలుపెట్టండి. ఒక పూటకు ఎంత అంటే, తాబేలు తలకాయంత. అంతకు మించి వద్దు.

చలికాలంలో మాంసం వాటా తగ్గించి ఆకు పెంచండి. తోటకూర, గుమ్మడి తురుము, నీటి మీద పెరిగే చిన్న ఆకుల నాచు మంచివి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎండు రొయ్యలు వారానికి ఒకసారి చాలు. బ్రెడ్డు, బిస్కెట్లు, మరమరాలు మాత్రం ఏ కాలంలోనూ వద్దు. తాతయ్యలు మనవళ్ల చేత మరమరాలు వేయిస్తూ ఫోటోలు తీస్తుంటారు. చూడటానికి బాగుంటుంది, తాబేలుకు బాగుండదు.

ఇప్పుడు చలి కంటే పెద్ద సంగతికి వస్తాను. వాన. దేశంలో ఎక్కువ చోట్ల వానాకాలం అయిపోయాక మనకు మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, మధ్యలో బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం. 2021 నవంబరులో మన వీధులు ఎలా మునిగాయో నేను మీకు గుర్తు చేయనక్కర్లేదు. ఆ వారంలో పెరటి కొలనుకు, వీధి కాలువకు, స్వర్ణముఖికి తేడా లేకుండా పోయింది. నాకు వచ్చిన ఫోన్లలో సగం తాబేలు పోయిందని, మిగతా సగం ఎవరిదో తాబేలు మా ఇంట్లోకి వచ్చిందని. వాళ్లిద్దరినీ కలిపితే సరిపోయేది, కానీ చిరునామాలు కుదరలేదు.

అందుకని కొలను అంచుకు ఒక జానెడు కింద పొంగు నీళ్లు పోయే గొట్టం తప్పనిసరి. దానికి ఇనుప జాలీ బిగించండి. ప్లాస్టిక్ జాలీని పందికొక్కు ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. ఆకులు అడ్డుపడితే గొట్టం ఉండీ లేనట్టే, అందుకని వాన మొదలైన సాయంత్రం గొడుగు వేసుకుని వెళ్లి జాలీకి పట్టిన చెత్త తీయండి. గట్టు గోడ పైన లోపలి వైపుకు నాలుగు వేళ్లంత రాతి పలక ముందుకు వచ్చేలా పెడితే తాబేలు ఎక్కలేదు. ఎర్రచార తాబేలు ఎంత బాగా ఎక్కుతుందో తెలియనివాళ్లు గోడ ఎత్తును నమ్ముకుంటారు.

వాన వల్ల వచ్చే రెండో నష్టం కంటికి కనిపించదు. రాత్రంతా కురిసిన వాన లోతు తక్కువ తొట్టిని గబగబా చల్లబరుస్తుంది. ఆపైన మూడు నాలుగు రోజులు ఎండ ఉండదు. ఆరిన చోటు లేదు, కాగిన రాయి లేదు. అప్పుడు వస్తుంది న్యుమోనియా. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే చలికాలంలో నేను చూసిన తాబేలు చావుల్లో ఎక్కువ భాగం ఇవే.

తాబేలుకు ఊపిరితిత్తులు వీపు డొప్ప కింద ఆనుకుని ఉంటాయి. మనకున్నట్టు కింద ఉదరవితానం, అంటే ఊపిరాడించే కండరపు పొర, లేదు. అది దగ్గలేదు. అంటే లోపల చేరిన శ్లేష్మాన్ని బయటికి నెట్టే దారి దానికి లేదు. జబ్బు ఒక పక్క ఊపిరితిత్తిలో మొదలైతే ఆ పక్క గాలి తగ్గి బరువెక్కుతుంది. కాబట్టి మీరు చూడవలసింది నీటి మీద తాబేలు ఎలా తేలుతోందో. తిన్నగా తేలితే సరే. ఒక పక్కకు ఒరిగి, అటువైపు కాలు ఎక్కువ ఆడిస్తూ, మునగాలన్నా మునగలేక తిరుగుతుంటే అది ఆట కాదు. ముక్కు దగ్గర చిన్న బుడగలు, మెడ చాచి నోరు తెరవడం, ఎండ లేకపోయినా రోజంతా రాయి దిగకపోవడం, ఇవన్నీ ఆ దారిలోనివే. మరుసటి రోజుకు వాయిదా వేయకండి. నీళ్లు లేని పొడి టబ్బులో వేసి, వెచ్చటి గదిలో పెట్టి, పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మన ఊళ్లో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. కుక్కకు, ఆవుకే కాదు, తాబేలుకూ వైద్యం ఉంటుంది.

ఒక్క మందు పేరు మాత్రం అందరూ రాసుకోండి. ఐవర్‌మెక్టిన్. పశువులకు పిడుదులకు, నులిపురుగులకు వేసే మందు. మీ ఇంట్లో కుక్క ఉంటే అల్మరాలో ఉండే ఉంటుంది. తాబేలుకు ఒక్క చుక్క కూడా వేయకూడదు. అది తాబేలు నరాల వ్యవస్థను స్తంభింపజేస్తుంది, కాళ్లు పడిపోయి ఊపిరి ఆగుతుంది. పురుగుల మందు వేయాలనిపిస్తే వైద్యుడిని అడగకుండా వేయవద్దు. వైద్యుడే ఐవర్‌మెక్టిన్ అంటే, తాబేలుకా అని ఇంకోసారి అడగండి. మా వాళ్లు ఏమీ అనుకోరు.

జబ్బా, చలికి బద్ధకమా అని తేల్చుకోవడానికి ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. తాబేలును 28 డిగ్రీల దగ్గరున్న లోతు తక్కువ నీటిలో, అంటే గడ్డం మునగనంత నీటిలో, ఇంటి లోపల రెండు గంటలు ఉంచండి. చలి వల్ల మందగించినదైతే కాళ్లు కొట్టి బయటపడాలని చూస్తుంది. జబ్బు చేసినదైతే వేడిలోనూ అలాగే పడి ఉంటుంది. నెలకోసారి వంటింటి తూకంలో బరువు చూడటం కూడా మంచిది. తూచాక తూకాన్ని, చేతులను సబ్బుతో కడగండి. తాబేళ్ల ఒంటి మీద కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు.

నేను ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

"డాక్టర్ గారూ, పొద్దున్నే గీజరు నీళ్లు రెండు బకెట్లు కలపవచ్చా?"

వద్దమ్మా. ఒకచోట వేడి, ఒకచోట చలి అయి తాబేలు బెదిరిపోతుంది. మీకు బోరు ఉందా? ఉంది కదా. బోరు నీళ్లు ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిలో ఉంటాయి. ధనుర్మాసంలో తెల్లవారి బోరు వేస్తే నీళ్ల మీద ఆవిరి కనిపిస్తుంది, చూసే ఉంటారు. మిద్దె మీద ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీళ్లు కాకుండా, నేరుగా బోరు నుంచి సన్నటి ధారగా ఒక అరగంట వదలండి. నీళ్లు శుభ్రపడతాయి, ఒకటి రెండు డిగ్రీలు వేడీ వస్తుంది. కరెంటు ఖర్చు మాత్రమే.

"మాది మదనపల్లె. అక్కడ ఇంకా చలిగా ఉంటుంది కదా సార్?"

ఉంటుంది. మీరు తిరుపతి కంటే అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నారు. హార్స్‌లీ కొండ వైపు గాలి తగిలితే రాత్రి 15 దిగువకు పోతుంది. అక్కడ కూడా నిద్రపుచ్చేంత చలి కాదు, జబ్బు చేసేంత చలి. మీరు డిసెంబరు మధ్య నుంచి శివరాత్రి దాకా సాయంత్రం అయిదింటికి తాబేలును ఇంట్లో టబ్బులోకి మార్చండి. మిద్దె మెట్ల కింద గాలి తగలని చోటు చాలు. ఎండ వచ్చాక మళ్లీ కొలనుకు. అద్దాల కిటికీ దగ్గర ఎండ పడుతోంది కదా అని అక్కడే వదిలేయకండి. డొప్ప గట్టిపడటానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను మామూలు అద్దం రానివ్వదు. పుట్టి ఏడాది నిండని తాబేలు పిల్లలైతే తిరుపతిలో కూడా రాత్రి లోపలే ఉంచాలి. చలికి చురుకు తగ్గిన పిల్లను పందికొక్కు కాళ్లు కొరికి పెడుతుంది.

"కోతులు ఎత్తుకుపోతున్నాయి."

మీది కపిలతీర్థం వైపా? అనుకున్నాను. కొలను మీద ఇనుప వల తప్ప వేరే మందు లేదు. సగం వేస్తే ప్రయోజనం లేదు, కోతి మనకంటే ముందే ఆ సంగతి కనిపెడుతుంది.

"కొత్తగా సిమెంటుతో తొట్టి కట్టించాం. ఎప్పుడు వదలవచ్చు?"

కొత్త సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగుతుంది, తాబేలు కళ్లు, చర్మం మండుతాయి. నీళ్లు నింపి వారం ఉంచి పారబోయండి. అలా మూడు నాలుగుసార్లు చేసి, తర్వాత నాచు పట్టనివ్వండి. గోడకు నాచు పట్టిందంటే తాబేలును వదలవచ్చు. ఈ చలికాలానికి తొందర పడవద్దు.

"పెద్దదైపోయింది, చూసుకోలేకపోతున్నాం. కోనేటిలో వదిలితే పుణ్యమే కదా అని మా అత్తగారు అంటున్నారు."

అత్తగారికి నా నమస్కారం చెప్పండి. కూర్మావతారాన్ని కొలిచే ఊళ్లు మనవి. పలమనేరు దగ్గర కూర్మాయిలో కూర్మ వరదరాజస్వామి గుడే ఉంది. అందుకే చెబుతున్నాను, వదలకండి. ప్రపంచంలో అతి హానికరమైన వంద పరాయి జాతుల జాబితాలో ఈ ఎర్రచార తాబేలు ఉంది. యూరప్ దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపేశాయి. కోనేటిలో పడితే మన తాబేలు కూర్చునే మెట్టు మీద ఇది కూర్చుంటుంది, దాని మేత ఇది తింటుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. మన చలి దాన్ని నిద్రపుచ్చదని ఇంతసేపు చెప్పుకున్నాం కదా, ఇక్కడ అదే మనకు చిక్కు. పెంచగలిగిన మరొకరికి ఇవ్వండి. ఈ సమావేశంలోనే అడగండి. ఎవరూ తీసుకోకపోతే అటవీశాఖ కార్యాలయంలో విచారించండి. అంతవరకు ఆడదాన్ని, మగదాన్ని వేరు చేసి ఉంచండి. ముందు కాళ్ల గోళ్లు పొడుగ్గా ఉన్నది మగది.

టీ వచ్చిందంటున్నారు, వెళ్లండి. తలుపు దగ్గర బకెట్ పట్టుకుని నిల్చున్న బాబూ, నువ్వు ఇలా రా. మూత తీయి. ఎన్ని రోజులైంది ఇలా ఒరిగి?